వాడు, అతను, ఆయన: సుంగై సిపుట్ హత్యల కథ

పేరాక్ రాష్ట్రంలో ఈపో నుంచి క్వాలా కాంగ్సార్ వెళ్ళే పాత రోడ్డు మీద, ఇరవై మైళ్ళు తిరక్కుండానే సుంగై సిపుట్ వస్తుంది. సుంగై అంటే ఏరు, సిపుట్ అంటే నత్త. పేరుకు తగ్గట్టే నెమ్మదైన ఊరు. చీనావాళ్ళ కొట్ల వరస, తమిళ బడి, గుడి, మసీదు, చుట్టూ ఒకప్పుడు రబ్బరు తోటలు, ఇప్పుడు రబ్బరుతో పాటు పామాయిల్ తోటలు. ఉత్తరానికి పోయేవాళ్ళు ఈ ఊళ్ళో ఆగరు. పెద్ద హైవే వచ్చాక చాలామంది ఊరిని చూడను కూడా చూడరు. అయినా మలయా చరిత్ర రాసే ప్రతివాళ్ళూ ఇక్కడ ఒక్కసారి ఆగక తప్పదు. 1948 జూన్ 16 ఉదయం ఈ ఊరి చుట్టుపక్కల తోటల్లో జరిగిన మూడు హత్యలు పన్నెండేళ్ళ యుద్ధానికి తెరతీశాయి.

నేను ఉద్యోగం కోసం విశాఖ జిల్లా నుంచి మలేసియా వచ్చి పాతికేళ్ళు దాటింది. మొదటి కొన్నేళ్ళు ఈపోలోనే ఉన్నాను. అప్పటినుంచీ ఈ హత్యల గురించి దొరికిందల్లా చదువుతూ, తెలిసినవాళ్ళను అడుగుతూ వచ్చాను. చదివేకొద్దీ హత్యలకంటే వాటి తర్వాత నడిచిన మాటల యుద్ధమే నన్ను ఎక్కువగా పట్టుకుంది. చంపినవాళ్ళను ఏమని పిలవాలి? ఎందుకు చంపారని అడగవచ్చా? అడిగితే సమర్థించినట్టేనా? డెబ్భై ఏళ్ళకు పైగా పత్రికలు, ప్రభుత్వాలు, కోర్టులు, సినిమావాళ్ళు ఈ ప్రశ్నల మీద తగవు పడుతూనే ఉన్నారు. ఇలాంటి తగవు తెలుగువాళ్ళకు కొత్త కాదు. అందుకే మన వైపునుంచి కూడా ఒకసారి చూద్దామని ఈ నాలుగు మాటలు.

ముందు జరిగిందేమిటో చెప్పుకుందాం.

ఆ ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో ఎల్ఫిల్ ఎస్టేట్ ఆఫీసుకు ముగ్గురు చీనా యువకులు సైకిళ్ళ మీద వచ్చారు. లోపల మేనేజరు ఆర్థర్ వాకర్ పనిలో ఉన్నాడు. వయసు 50. వచ్చినవాళ్ళు 'తబే, తువాన్' అని పలకరించారట. మన భాషలో 'దండాలు దొరా' అన్నట్టు. పలకరించి కాల్చేశారు. మరో అరగంటకు, అక్కడికి పది మైళ్ళ దూరంలో ఉన్న ఫిన్ సూన్ ఎస్టేట్‌లో పన్నెండుమంది దాకా సాయుధులు ఆఫీసును చుట్టుముట్టారు. మేనేజరు జాన్ అలిసన్‌నూ, అతని దగ్గర పని నేర్చుకుంటున్న ఇయాన్ క్రిస్టియన్‌నూ కుర్చీలకు కట్టేసి కాల్చి చంపారు. అలిసన్‌కు 55 ఏళ్ళు, క్రిస్టియన్‌కు 21. నల్లవాళ్ళు, పచ్చవాళ్ళు అయిన గుమాస్తాల జోలికి పోలేదు.

అదే రోజు పేరాక్, జొహోర్ రాష్ట్రాల్లో కొన్ని ప్రాంతాలకు ఎమర్జెన్సీ ప్రకటించారు. 18వ తేదీకి అది మలయా సమాఖ్య అంతటికీ పాకింది. నడుమ 17వ తేదీన సింగపూరు నుంచి వెలువడే స్ట్రెయిట్స్ టైమ్స్ పత్రిక 'పాలించండి, లేదా దిగిపోండి' అన్న అర్థం వచ్చే శీర్షికతో సంపాదకీయం రాసింది. ఆ మాట హైకమిషనరు సర్ ఎడ్వర్డ్ జెంట్ నుద్దేశించి అన్నది. తోటల దొరలు ఆయన మీద అప్పటికే మండిపడుతున్నారు. జూన్ నెలాఖరుకు ఆయన్ను లండన్‌కు వెనక్కి పిలిచారు. జులై 4న లండన్ చేరబోతూ ఆయన ఎక్కిన విమానం మరో విమానాన్ని గుద్దుకుని అందరూ చనిపోయారు.

ఇక పేర్ల సంగతి. చంపినవాళ్ళు మలయా కమ్యూనిస్టు పార్టీకి చెందినవాళ్ళని అందరికీ తెలుసు. కానీ ప్రభుత్వ ప్రకటనల్లోనూ, వాటిని అందుకున్న ఇంగ్లీషు పత్రికల్లోనూ వాళ్ళు 'బాండిట్లు'. అంటే మన బందిపోట్లు. జరుగుతున్నది యుద్ధమే అయినా దాన్ని యుద్ధం అనలేదు, ఎమర్జెన్సీ అన్నారు. యుద్ధం అంటే లండన్ బీమా కంపెనీలు తోటలకూ గనులకూ జరిగిన నష్టం కట్టవు, అందుకే ఆ మాట వాడలేదని చాలామంది రాశారు. బందిపోటు అనడంలో మరో సౌకర్యం ఉంది. బందిపోటు ఎందుకు దోచుకున్నాడని ఎవరూ అడగరు. దోచుకోవడం వాడి వృత్తి. తిరుగుబాటుదారు అంటే మాత్రం దేనిమీద తిరగబడ్డాడు అన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

నాలుగేళ్ళు గడిచాక ఆ మాట కూడా అక్కరకు రాకుండా పోయింది. ఒకనాడు జపాన్ సైన్యమూ, చాంగ్ కై షేక్ ప్రభుత్వమూ కూడా చైనా కమ్యూనిస్టులను బందిపోట్లనే పిలిచాయి. చివరికి ఏమయింది? ఆ బందిపోట్లే పీకింగ్‌లో గద్దెనెక్కారు. ఆ మాట వింటే చీనావాళ్ళకు గుర్తొచ్చేది అదే. పైగా కేవలం బందిపోట్ల మీదికి ఇన్ని వేల సైన్యం ఎందుకన్న ప్రశ్న కూడా వస్తుంది. అందుకని 1952లో ఇకమీదట వీళ్ళను 'కమ్యూనిస్టు టెర్రరిస్టులు' అనాలని ప్రభుత్వం ఆదేశాలిచ్చింది. పొట్టిగా 'సీటీ'లు అయ్యారు. మలయ్ భాషలో 'పెంగ్గానాస్'. ఈనాటి బడి పుస్తకాల్లో ఉన్నది ఆ మాటే.

అటువైపు వాళ్ళూ తమకో పేరు పెట్టుకున్నారు: మలయా జాతుల విమోచన సైన్యం. అడవి అంచున గుడిసెలు వేసుకున్న చీనావాళ్ళు భయమూ చనువూ కలిపి 'లోపలివాళ్ళు' అనేవారు. అడవి లోపల ఉండేవాళ్ళని.

ఇన్ని పేర్ల నడుమ తెలుగులో రాసేవాడికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ఇంగ్లీషులో ఒక్క 'హీ'తో గడిచిపోతుంది. తెలుగులో వాక్యం మొదలుపెట్టగానే 'వాడు' అనాలా, 'అతను' అనాలా, 'ఆయన' అనాలా తేల్చుకోవాలి. అది తేల్చుకోవడంతోనే సగం తీర్పు చెప్పేసినట్టు. మలయా పార్టీ నాయకుడు చిన్ పెంగ్ గురించి మలయ్ పత్రికలవాళ్ళకూ ఈ ఇబ్బంది ఉంది. పెద్దమనుషులకు వాడే 'బెలియావ్', మామూలు వాళ్ళకు వాడే 'దియా' అని వాళ్ళకు రెండున్నాయి. మనకు మూడున్నాయి, అంతే తేడా.

మన చరిత్రలో ఈ సర్వనామాలు ఎలా మారాయో చూడండి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లలో తుపాకులు ఎత్తుకుపోయిన మనిషి మద్రాసు ప్రభుత్వ కాగితాల్లో పితూరీదారు. గూడెం ప్రాంతంలో రోడ్డు పనికి మన్యంవాళ్ళను నామమాత్రపు కూలికి బలవంతంగా తోలుకుపోయిన డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, పోడు కొట్టనివ్వని అడవి చట్టం — ఇవి కారణాలని ఆనాటి అధికారుల్లోనే కొందరికి తెలుసు. అయినా దండయాత్ర ఆగలేదు. ఆ సెప్టెంబరులో దామనపల్లి ఘాటీలో ముందు నడుస్తున్న మనవాళ్ళను పోనిచ్చి, వెనక వస్తున్న దొరలు స్కాట్ కవర్డ్, హైటర్‌లను గురిచూసి కాల్చారు. ఫిన్ సూన్ ఎస్టేట్‌లో గుమాస్తాలను వదిలిపెట్టిన సంగతి చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది దామనపల్లే.

1924 మే 7న ఆ పితూరీదారును పట్టుకుని కాల్చి చంపారు. 1929లో గాంధీగారు, సాయుధ తిరుగుబాటు తనకు సమ్మతం కాదంటూనే, ఆ యువకుడి ధైర్యానికీ త్యాగానికీ తలవంచారు. 1974లో సినిమా వచ్చింది, 1986లో తపాలా బిళ్ళ వచ్చింది. ఇప్పుడు మనకు అల్లూరి సీతారామరాజుగారు అనకుండా నోరు తిరగదు. మరి ఆ ఘాటీలో చచ్చిపోయిన ఇద్దరు దొరల పేర్లు మనలో ఎంతమందికి గుర్తున్నాయి?

తెలంగాణలో అయితే మాట మారడానికి యాభై ఏళ్ళు కూడా పట్టలేదు. రజాకార్లను ఎదిరించినంతకాలం దళంలో ఉన్నవాళ్ళు సరిహద్దుకు ఇవతల చాలామందికి వీరులు. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు. తుపాకి దించనందుకు వాళ్ళే మర్నాటినుంచి దేశానికి ప్రమాదకారులయ్యారు. మనిషి అదే, తుపాకీ అదే. 1951 అక్టోబరులో పోరాటం విరమించి, ఎన్నికల్లో నిలబడి గెలిచాక మళ్ళీ 'గారు' అయ్యారు.

మలయాలో జరిగిందీ దాదాపు ఇదే. జపాను ఆక్రమణ కాలంలో ఈ చీనా యువకులే బ్రిటిషువాళ్ళిచ్చిన ఆయుధాలతో జపాను సైన్యాన్ని అడవుల్లోంచి వేధించారు. టోపీల మీద మూడు నక్షత్రాలుండేవి గనుక జనం 'బింతాంగ్ తిగా' అనేవారు, మూడు చుక్కలవాళ్ళని. 1946 జనవరిలో మౌంట్‌బాటన్ స్వయంగా సింగపూరులో వాళ్ళ నాయకులకు పతకాలు తగిలించాడు. వాళ్ళలో సితియావాన్‌లో పుట్టిన చిన్ పెంగ్ ఒకడు. తర్వాత అతనికి బ్రిటిషు ప్రభుత్వం ఓ.బి.ఇ. బిరుదు కూడా ప్రకటించి, ఎమర్జెన్సీ వచ్చాక వెనక్కి తీసుకుంది. బందిపోటుకు బిరుదు ఉండకూడదు కదా.

ఇంతకీ ఎందుకు చంపారు?

అప్పటి అధికారులు చెప్పిన కారణం మాస్కో. 1948 ఫిబ్రవరిలో కలకత్తాలో ఆగ్నేయాసియా యువజన సమావేశం జరిగింది. ఆ వెంటనే అక్కడే భారత కమ్యూనిస్టు పార్టీ రెండో మహాసభ జరిగింది. తెలంగాణ పోరాటం ఊపుమీదున్న రోజులు. ఆ సమావేశాల్లోనే ఆసియా అంతటా తిరుగుబాటుకు ఆజ్ఞ అందిందని ప్రచారం నడిచింది. చెప్పుకోవడానికి సులువైన కథ. కూలివాడికి కోపం రావడానికి సొంత కారణాలేవీ ఉండనక్కర్లేదు, ఎవరో దూరంనుంచి మీట నొక్కారంటే చాలు.

తోటల్లో మాత్రం కారణాలు కుప్పలుగా ఉన్నాయి. యుద్ధం తర్వాత బియ్యం ధర చుక్కలనంటింది. కూలి రేట్లు పెరగలేదు. 1946 నుంచి సమ్మెల మీద సమ్మెలు. సమ్మె చేసినవాళ్ళను లైన్ల నుంచి వెళ్ళగొట్టారు. 1948 జూన్ మొదట్లో జొహోర్ రాష్ట్రం సెగామట్ దగ్గర ఒక తోటలో సమ్మెకారుల మీద పోలీసులు లాఠీలతో విరుచుకుపడితే ఏడుగురు కూలీలు చనిపోయారు. ఆ రోజుల్లోనే చట్టం మార్చి యూనియన్ల సమాఖ్యను నిషేధించారు. బహిరంగంగా బేరమాడే దారి మూసుకుపోయిన వారంలోనే సుంగై సిపుట్ హత్యలు జరిగాయి. అంతమాత్రాన ఆ ముగ్గురు దొరలూ సెగామట్ చావులకు బాధ్యులని కాదు. క్రిస్టియన్ ఆ దేశంలో బాధ్యత అనదగ్గదేదీ మొయ్యని కుర్రవాడు.

పార్టీ పెద్దలు ముందే తేదీ పెట్టి పథకం వేశారా? 2003లో అచ్చయిన తన ఆత్మకథలో చిన్ పెంగ్, తాను ఆజ్ఞ ఇవ్వలేదనీ, అది స్థానిక దళాలు తమంతట తాము చేసిన పని అనీ చెప్పుకున్నాడు. సమ్మె విచ్ఛిన్నకారులనూ శత్రువులనూ చంపవచ్చన్న సాధారణ నిర్ణయం మాత్రం అంతకుముందే పార్టీ తీసుకుంది. ఆ మాటతో బాధ్యత తొలగిపోదు. అగ్గిపుల్ల గీసి ఇచ్చినవాడు ఏ ఇంటికి అంటించమన్నానో చెప్పలేదంటే చెల్లదు. అయితే హఠాత్తుగా వచ్చిపడ్డ ఎమర్జెన్సీకి పార్టీయే సిద్ధంగా లేదన్న మాటను చాలామంది చరిత్రకారులు ఒప్పుకున్నారు.

ఇక్కడొక చిన్న సంగతి. ఈ కాలపు చరిత్రను సమగ్రంగా రాయమని ఆంథనీ షార్ట్ అనే చరిత్రకారుడికి మలయా ప్రభుత్వమే పని అప్పగించింది, రహస్య దస్త్రాలు చూడనిచ్చింది. రాసి ఇచ్చాక అచ్చువెయ్యడానికి ఒప్పుకోలేదు. చివరికి 1975లో లండన్‌లో వెలువడింది. కారణాలు వెతకమన్నవాళ్ళకే దొరికిన కారణాలు రుచించలేదన్నమాట.

ఎందుకు అన్న ప్రశ్నను పక్కన పెట్టేస్తే ఏమవుతుందో ఆ ఏడాది చివర్లోనే తేలింది. 1948 డిసెంబరు 12న సెలంగోర్ రాష్ట్రంలో బాతాంగ్ కాలి దగ్గర రబ్బరు తోటలో స్కాట్స్ గార్డ్స్ సైనికులు 24 మంది చీనావాళ్ళను కాల్చిచంపారు. వాళ్ళ దగ్గర ఆయుధాల్లేవు. మర్నాడు పత్రికల్లో వచ్చింది మాత్రం పారిపోబోతున్న బందిపోట్లను సైన్యం హతమార్చిందని, ఎమర్జెన్సీలో ఇదొక పెద్ద విజయమని. బందిపోటు అన్న మాట ఒకసారి తయారై ఉంది గనుక, చనిపోయినవాళ్ళ మీద అది కప్పెయ్యడానికి క్షణం పట్టలేదు. 1970లో ఇంగ్లండులో 'ది పీపుల్' పత్రిక ఆ దళంలో ఉన్న కొందరు సైనికుల వాంగ్మూలాలు బయటపెట్టింది. బంధువులు లండన్ కోర్టులదాకా వెళ్ళారు. విచారణ జరిపించాల్సిన చట్టబద్ధమైన బాధ్యత ప్రభుత్వానికి లేదని 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది.

1952లో లండన్‌లోని కమ్యూనిస్టు పత్రిక డైలీ వర్కర్ ఒక ఫొటో వేసింది. నవ్వు మొహంతో ఒక బ్రిటిషు సైనికుడు, అతని చేతుల్లో నరికిన తలలు. ముందు అది కల్పించిన ఫొటో అన్నవాళ్ళున్నారు. తర్వాత వలసల మంత్రి పార్లమెంటులో నిజమేనని ఒప్పుకున్నాడు. అడవిలో దొరికిన శవాన్ని గుర్తుపట్టడానికి తల తీసుకురావడం అక్కడ అలవాటట. మరి టెర్రరిస్టు అన్న మాట ఎవరికి వాడాలని ఆ పత్రిక పాఠకులు అడగడంలో వింత లేదు.

మనవాళ్ళకు ఇంకా దగ్గరగా తగిలింది గణపతి ఉరి. తంజావూరు జిల్లానుంచి వచ్చిన ఎస్.ఎ. గణపతి, నిషేధించిన ఆ యూనియన్ల సమాఖ్యకు అధ్యక్షుడు. 1949లో ఒక తోట దగ్గర పిస్తోలుతో పట్టుబడ్డాడు. ఎమర్జెన్సీ చట్టం కింద ఆయుధం దగ్గర ఉండటమే ఉరికి చాలు, దాన్ని వాడాడా లేదా అన్నది అనవసరం. నెహ్రూగారి ప్రభుత్వం శిక్ష తగ్గించమని అడిగింది. వినలేదు. 1949 మే 4న పూడు జైలులో ఉరితీశారు. ముందురోజే ఆయన సహచరుడు వీరసేనన్‌ను కాల్చి చంపారు. భారత పత్రికల్లో గణపతి కార్మిక నాయకుడు, ఇక్కడి ఇంగ్లీషు పత్రికల్లో టెర్రరిస్టు. ఆ పిస్తోలు దారిలో దొరికిందనీ, పోలీసులకు అప్పగించడానికే తీసుకెళ్తున్నాడనీ ఆయన తరఫువాళ్ళు చెప్పింది ఎవరికీ పట్టలేదు.

మరి మన తెలుగువాళ్ళు? వాళ్ళు ఎక్కువగా ఉన్నది పేరాక్‌లోనే దక్షిణాన, సముద్రం వైపు, బాగన్ దాతో ప్రాంతపు కొబ్బరి తోటల్లో. విశాఖ, కాకినాడ రేవుల్లో ఓడెక్కి వచ్చినవాళ్ళ పిల్లలూ మనవలూ. అక్కడ ఒక తెలుగు పెళ్ళిలో పరిచయమైన ముసలాయన ఒకరు నాతో ఆ రోజుల గురించి మాట్లాడారు. ఎమర్జెన్సీ నాటికి ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళట. తల్లిదండ్రులది శ్రీకాకుళం వైపు. మలయాలోనే పుట్టినా ఆయన తెలుగులో ఆ యాస చెక్కుచెదరలేదు.

"తాతా, వాళ్ళను మీరేమనేవారు?" అని అడిగాను.

"అడివోళ్ళు అనీవోళ్ళం బాబూ. పేరెట్టడానికి భయం. పగలు పోలీసోడొచ్చి అడివోళ్ళకి బియ్యం ఇచ్చినావేటి అనీవోడు. రేతిరి ఆళ్ళొచ్చి పోలీసోడికి ఏటి సెప్పినావు అనీవోళ్ళు. మా అయ్య ఇద్దరికీ ఒకటే మాట సెప్పీవోడు, నాకేటీ తెల్దు అని."

"దొరలను చంపారని విన్నప్పుడు ఏమనుకున్నారు?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. కాసేపాగి, "దొర సచ్చిపోతే మన బతుకు మారిపోద్దని ఒకడు సంబరపడ్డాడు. మర్నాటేల కంచెలు కట్టీసినారు. అన్నం మూట తోటలోకి అట్టుకెళ్ళనివ్వలేదు. ఆకలితోనే పని" అన్నారు.

ఆయన చెప్పినదానికి ఆధారాలు ప్రభుత్వ కాగితాల్లోనే ఉన్నాయి. 1950లో మొదలైన బ్రిగ్స్ పథకం కింద దాదాపు 5 లక్షలమందిని, ఎక్కువగా చీనావాళ్ళను, గుడిసెలనుంచి లేపి కంచె వేసిన కొత్త పల్లెలకు తరలించారు. తోట లైన్లనూ ఒకచోటికి చేర్చి ముళ్ళతీగ చుట్టారు. పొద్దున గేటు దగ్గర పనివాళ్ళను తడిమి చూసి పంపేవారు. అడవిలోకి చేరకుండా కొట్లో డబ్బాతిండి అమ్మేటప్పుడే డబ్బాకు చిల్లు పొడిచి ఇచ్చేవారు. వేలిముద్ర, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు మలయాలో పుట్టింది కూడా 1948లోనే.

పత్రికల్లో నడిచిన తగవులో ఈ కూలివాడి మాట ఎక్కడా లేదు. ఒకవైపు అతన్ని కాపాడుతున్నామని చెప్పి కంచెలో పెట్టారు. రెండోవైపు అతని కోసమే పోరాడుతున్నామని చెప్పి అతని దగ్గర బియ్యం పట్టుకుపోయారు. 1960 జులై 31న ఎమర్జెన్సీ ముగిసేనాటికి 6,700 మందికి పైగా గెరిల్లాలు, 1,800 మందికి పైగా పోలీసులూ సైనికులూ, 2,400 మందికి పైగా పౌరులు చనిపోయారు. ఆ పౌరుల్లో ఎక్కువమంది దొరలు కారు. పార్టీ ఎవరి పేరు చెప్పుకుని తుపాకి పట్టిందో ఆ చీనావాళ్ళే.

అందుకే ఈ మధ్య కొందరు కుర్రవాళ్ళు చిన్ పెంగ్‌ను వట్టి దేశభక్తుడిగా చూపిస్తుంటే నాకు తృప్తిగా ఉండదు. బందిపోటు అన్న మాట కారణాలను దాచిపెట్టినట్టే, దేశభక్తుడన్న మాట శవాలను దాచిపెడుతుంది. 1950 ఫిబ్రవరి 23 తెల్లవారుజామున జొహోర్‌లో బుకిత్ కెపోంగ్ పోలీసు స్టేషన్‌ను తగలబెట్టినప్పుడు చనిపోయిన మలయ్ పోలీసుల కుటుంబాలకు ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించాలి. ఆ సంఘటన మీద సినిమా కూడా వచ్చింది, మలయ్ ఇళ్ళలో అది తెలియనివాళ్ళు తక్కువ.

2003లో చిన్ పెంగ్ పుస్తకం వచ్చినప్పటినుంచి ఈ పాత తగవు మళ్ళీ రాజుకుంది. 2006లో అమీర్ ముహమ్మద్ 'ఆఖరి కమ్యూనిస్టు' అనే అర్థం వచ్చే పేరుతో ఒక డాక్యుమెంటరీ తీశాడు. అందులో చిన్ పెంగ్ బొమ్మ ఒక్కటీ లేదు. అతను తిరిగిన ఊళ్ళు, ఈనాడు అక్కడ బతికే మనుషులు, మధ్యలో పాటలు. సెన్సారు బోర్డు ఒప్పుకుంది. ఒక మలయ్ దినపత్రిక గోల చెయ్యడంతో హోంమంత్రి నిషేధించాడు. గోల చేసినవాళ్ళలో చాలామంది సినిమా చూడనేలేదు. తర్వాత పార్లమెంటు సభ్యులకు వేసి చూపిస్తే, ఇందులో నిషేధించాల్సిందేముందని అడిగినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు.

చిన్ పెంగ్ పుట్టిన ఊరికి తిరిగిరావాలని కోర్టుకెళ్ళాడు. 1989 డిసెంబరు 2న హాడ్యాయ్‌లో జరిగిన శాంతి ఒప్పందం ప్రకారం తనకా హక్కుందన్నాడు. ఇక్కడే పుట్టానని చూపే కాగితం తెమ్మన్నాయి కోర్టులు. అవన్నీ 1948లో పోలీసులే పట్టుకుపోయారని అతని జవాబు. 2009లో ఆఖరి తలుపూ మూసుకుంది.

2011 జూన్‌లో తగవు మళ్ళీ సుంగై సిపుట్‌కే వచ్చి చేరింది. ఆ నియోజకవర్గం ఎం.పి. డాక్టర్ మైఖేల్ జయకుమార్ దేవరాజ్‌నూ, ఆయన సోషలిస్టు పార్టీ కార్యకర్తలనూ పోలీసులు అరెస్టు చేశారు. వాళ్ళ బస్సులో చిన్ పెంగ్, రషీద్ మైదిన్‌ల బొమ్మలున్న చొక్కాలు దొరికాయట. కమ్యూనిజాన్ని బతికించి, రాజు మీద యుద్ధం చెయ్యబోతున్నారని ఆరోపణ. ఆరుగురిని ఎమర్జెన్సీ ఆర్డినెన్సు కింద నెల రోజుల దాకా నిర్బంధించి జులై 29న వదిలారు. అరవైమూడేళ్ళ కిందట తుపాకీకి పడిన శిక్ష, ఇప్పుడు చొక్కాకు పడబోయింది.

2013 సెప్టెంబరు 16న, సరిగ్గా మలేసియా దినోత్సవం నాడు, చిన్ పెంగ్ బాంకాక్‌లో చనిపోయాడు. అస్థికలను కూడా దేశంలోకి రానివ్వబోమని ప్రభుత్వం ప్రకటించింది. 2019లో వాటిని ఎవరికీ చెప్పకుండా తెచ్చి, సముద్రంలోనూ కొండల్లోనూ కలిపేశారని తెలిసినప్పుడు మళ్ళీ పత్రికల నిండా అదే గొడవ, మళ్ళీ పోలీసు విచారణ.

ఇదంతా చదివాక నాకు అర్థమైంది చిన్న సంగతి. చంపినవాడు ఎందుకు చంపాడని అడగడం వేరు, చంపినది సరేననడం వేరు. ఈ రెండూ ఒకటేనని భయపెట్టేవాళ్ళు ప్రతి దేశంలోనూ ఉంటారు. ఆ భయంతో మొదటి ప్రశ్న మానేస్తే బాతాంగ్ కాలి లాంటివి జరుగుతాయి. కారణం దొరికిందన్న సంతోషంలో రెండోదాన్ని వదిలేస్తే, కుర్చీకి కట్టేసి చంపిన 21 ఏళ్ళ కుర్రవాడు ఎవరికీ కనిపించకుండా పోతాడు. మన మన్యం కథనూ, తెలంగాణ కథనూ పిల్లలకు చెప్పేటప్పుడు కూడా ఈ రెండు ప్రశ్నలూ విడివిడిగా అడిగి చూడాలి.

ఈపోకు దక్షిణంగా బాతు గాజాలో ఒక క్రైస్తవ శ్మశానం ఉంది. వాకర్, అలిసన్, క్రిస్టియన్ ముగ్గురూ అక్కడే ఉన్నారు. వాళ్ళ చుట్టూ ఎమర్జెన్సీలో పోయిన సైనికులు. ఏటా జూన్‌లో అక్కడ శ్రద్ధాంజలి జరుగుతుంది. బాతాంగ్ కాలివాళ్ళను వాళ్ళ బంధువులు తలుచుకుంటారు. ఎల్ఫిల్ ఎస్టేట్‌కు సైకిళ్ళ మీద వచ్చిన ఆ ముగ్గురు యువకుల కోసం ఎవరూ కోర్టుకెళ్ళలేదు, సినిమా తియ్యలేదు. డెబ్భై ఏళ్ళ తగవంతా వాళ్ళ నాయకుడి చుట్టూనే తిరిగింది. ఈ వ్యాసంలో వాళ్ళను నేను 'వాళ్ళు' అనే రాశాను. తెలుగులో ఆ మాట 'వాడు'కూ 'ఆయన'కూ రెండింటికీ బహువచనంగా సరిపోతుంది. తీర్పు చెప్పే ముందు ప్రశ్నలు అడగడానికి ప్రస్తుతానికి నాకు అంత చోటు చాలు.